గోడ మీది మ్యాపు, దాచిన సున్నా

విజయవాడ నుంచి ఒక పెద్దాయన ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఎనిమిది పేజీలూ వేసే చోటు లేదు కాబట్టి సంగతి నా మాటల్లో చెప్తాను.

ఆయనకు 64 ఏళ్లు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా టోపో షీట్లు, కాలువల డ్రాయింగుల మధ్యే గడిచింది కాబట్టి మ్యాపు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. సొంతూరు ఘంటసాల పక్కన. తొమ్మిదేళ్ల కిందట ఒక వ్యాసం చదివారు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ అనే పండితుడు తన భూగోళ గ్రంథంలో 'కొంటకోస్సిల' అని రాసిన రేవు మన ఘంటసాలేనని అందులో ఉంది. ఆ పేరున్న పాత మ్యాపు ఒక్కటి సంపాదించాలనుకున్నారు. ఆ ఒక్కటి ఇవాళ్టికి 31 అయింది. అన్నీ ఒకే కోవవి: 16 నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్‌లో అచ్చయినవి, కానీ చూపించేది మాత్రం ప్రాచీన ప్రపంచాన్ని. టాలెమీ లెక్కలతో గీసిన ఇండియా, అలెగ్జాండర్ దండెత్తి వచ్చిన దారి, రోమన్ సామ్రాజ్యం, అలాంటివి. ఆన్‌లైన్ వేలాల్లోనూ, విదేశీ డీలర్ల దగ్గరా కొన్నారు.

కొన్న ప్రతిసారీ ఇంట్లో ఒక సున్నా తగ్గించి చెప్పారు. డెబ్బై వేలది ఏడు వేలు. ముప్ఫై అయిదు వేలది మూడున్నర వేలు. పార్సిళ్లు స్నేహితుడి ఇంటికి తెప్పించుకుని, బిల్లులు అక్కడే చింపేసి, మ్యాపు ఒక్కటీ ఇంటికి తెచ్చేవారు. అసలు లెక్క 14 లక్షలు దాటింది. ఆయన శ్రీమతి దృష్టిలో అది లక్షా నలభై వేలు. "పోనీలెండి, పేకాట కంటే నయం" అని ఆవిడ కూడా సర్దుకున్నారు.

హాల్లో టీవీ పైన తగిలించింది 1540లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అచ్చయిన మ్యాపు. సెబాస్టియన్ మ్యూన్‌స్టర్ అనే జర్మన్ పండితుడు తెచ్చిన టాలెమీ గ్రంథంలోది, 'ఆసియా పదో పటం'. అంటే మన దేశం. దాని ధరే ఆ డెబ్బై వేలు. గుడివాడలో ఆవిడ మేనల్లుడు ఇల్లు కట్టుకున్నాడు. శ్రావణంలో గృహప్రవేశం. మొన్న ఆ అబ్బాయి వచ్చి మ్యాపు ముందు నిలబడి ముచ్చటపడితే, "ఏడు వేలదే కదరా, నీ కొత్త ఇంటికి నేనిస్తాలే" అని ఆవిడ వాళ్ల వదిన ఎదురుగానే మాట ఇచ్చేశారు.

ఈయనకు గొంతులో వెలక్కాయ పడింది. ఎవరికీ తెలియకుండా నకలు ప్రింటు తీయించి ఫ్రేములో బిగించి, అసలుది దాచేద్దామనుకున్నారు. ఒక రాత్రి ఆవిడ నిద్రపోయాక ఫ్రేము వెనక అట్ట విప్పారు. మ్యాపు వెనక ఒక మూల కోడిగుడ్డు ఆకారంలో నీడలాంటి మచ్చ. అక్కడ కాగితం పల్చబడి ఉంది. ట్యూబులైటుకి ఎత్తి పట్టి చూస్తే బి, ఐ, బి, ఎల్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు లీలగా కనిపించాయట. లైబ్రరీని లాటిన్‌లో 'బిబ్లియోతెకా' అంటారు కాబట్టి, లైబ్రరీ ముద్ర గోకేసినట్టుంది. "అప్పటి నుంచి నిద్ర లేదు. డాక్టరు బీపీ మాత్ర మార్చారు. మా ఆవిడకు నిజం చెప్పాలా? నకలు ఇచ్చి బయటపడనా? ఇది దొంగ మ్యాపైతే నా గతేమిటి?" ఇవీ ఆయన ప్రశ్నలు.

ఇక నా మాట.

మీరు మూడు ప్రశ్నలు విడివిడిగా వేశారు గానీ, మూడూ మీరు బిల్లులు చింపిన ఆ స్నేహితుడి వరండాలోనే కలుస్తున్నాయి. ఆవిడకు ధర తెలియకూడదని చింపారు. ఇవాళ, ఈ మ్యాపు నేను డబ్బిచ్చి నలుగురిలో కొన్నాను అని చూపించడానికి కావలసింది ఆ కాగితమే. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూస్తాం కదా, పాత మ్యాపులకూ అంతే. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే కాగితం లేకపోతే, ఎంత మంచి మ్యాపుకైనా సగం విలువ పోతుంది. సర్వీసంతా ఎం-బుక్కులో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, రికార్డు చేయనిదే ఒక్క బిల్లూ పాస్ చేయని మనిషి సొంత సొమ్ముకి మాత్రం రికార్డు లేకుండా చేసుకున్నారు!

ధర తగ్గించి చెప్పడం గురించి నేను ఉపన్యాసం ఇవ్వను. నాకొచ్చే ఉత్తరాల్లో చీర ధర తగ్గించిన ఇల్లాళ్లున్నారు, ఫోన్ ధర తగ్గించిన కొడుకులున్నారు, తమ్ముడికిచ్చిన అప్పు తగ్గించి చెప్పిన అన్నలున్నారు. మన ఇళ్లలో ఇది కొత్త కాదు. అయితే చీర ధర తగ్గిస్తే నష్టం ఆ చీరతో పోతుంది. మీ సంగతి వేరు. ఒక్కసారి ఇలా ఊహించండి. దేవుడి దయవల్ల మీరు చల్లగా ఉండాలి, కానీ రేపు మీకేమైనా అయితే, ఆ బీరువాలోని 31 కాగితాలూ మీ ఆవిడ దృష్టిలో మూడేసి నాలుగేసి వేల రూపాయల బొమ్మలు. మేనల్లుడికి ఒకటి, ఎదురింటివాళ్ల అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి ఒకటి, చెదపట్టినట్టు కనిపించినవి పాతపేపర్ల వాడికి. తప్పు ఆవిడది కాదు. మీరు చెప్పిన ధరనే ఆవిడ నమ్మారు. గృహప్రవేశం మాట ఇచ్చిందీ ఆ నమ్మకంతోనే.

ముందు మచ్చ సంగతి చూద్దాం. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే కాబట్టి.

లైబ్రరీ ముద్ర ఉన్నంత మాత్రాన దొంగసొత్తు కాదు. యూరప్ లైబ్రరీలు ఒకే పుస్తకం రెండు మూడు ప్రతులుంటే అదనపువి అమ్మేయడం ఎప్పటి నుంచో ఉన్నదే. యుద్ధాల్లో, మఠాలు మూతపడినప్పుడు, జమీందారీ కుటుంబాలు చితికినప్పుడు లైబ్రరీలకు లైబ్రరీలే చేతులు మారాయి. విడి కాగితంగా దొరికినంత మాత్రాన కూడా అనుమానించక్కర్లేదు. మీ దగ్గరున్న మ్యాపుల్లో చాలావరకు ఒకప్పుడు పుస్తకాల్లో కుట్టి ఉన్నవే. డీలర్లు పాత అట్లాసు కొని, కుట్లు విప్పి, ఒక్కో మ్యాపూ విడిగా అమ్ముతారు. ఒక మంచి పుస్తకాన్ని అలా ముక్కలు చేయడం నాకు మనసొప్పదు, అది వేరే మాట. నేరం మాత్రం కాదు.

అనుమానించాల్సింది ముద్రను కాదు, ముద్రను చెరిపిన తీరును. లైబ్రరీ చట్టబద్ధంగా అమ్మినప్పుడు సాధారణంగా పాత ముద్ర మీదే ఇంకో ముద్ర వేస్తారు, అదనపు ప్రతి అనో, రద్దు అనో. ఎవరో కూర్చుని కాగితం పల్చబడేదాకా గోకారంటే దానికి ఒక కారణం ఉండాలి. అమ్మకానికి అందంగా ఉండాలని ఒక అమాయక డీలరు శుభ్రం చేయించి ఉండొచ్చు. ఇంకోలా కూడా అయి ఉండొచ్చు.

ఆ ఇంకో రకం కథలు మీలాంటి వారికి తెలిసి ఉండాలి. 2005 జూన్‌లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం బైనెకీ లైబ్రరీలో నేల మీద ఒక చిన్న బ్లేడు కనిపించింది. అక్కడ కూర్చుని పాత పుస్తకాలు తిరగేస్తున్న ఆయన ఒక పేరున్న మ్యాపుల డీలరు, ఫోర్బ్స్ స్మైలీ. అనుమానించి పట్టుకుంటే, పలు లైబ్రరీల నుంచి మొత్తం 97 మ్యాపులు కోసుకెళ్లానని చివరికి ఒప్పుకున్నాడు. మూడున్నరేళ్ల జైలు పడింది. వాటిలో చాలావరకు పోయాయని ఆయన నోరు విప్పేదాకా ఆ లైబ్రరీలకే తెలియదు. లావుపాటి పుస్తకంలోంచి ఒక పేజీ కోసేస్తే ఎవరు చూస్తారు? 2007లో స్పెయిన్ జాతీయ లైబ్రరీలోనూ ఇదే తంతు. అక్కడ పోయినవి 1482లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో అచ్చయిన టాలెమీ గ్రంథంలోని ప్రపంచ పటాలు. ఒకటి ఆస్ట్రేలియాలో తేలింది. అంటే మీరు సేకరించే కోవే దొంగలకూ ఇష్టమైన కోవ.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, చూడనట్టే ఉండి మళ్లీ బిగించేయడం. ఎవరూ మీ ఇంటికి రారు, నిజమే. కానీ ఆ మ్యాపును మీరిక అమ్మలేరు, చెప్పుకోలేరు, మేనల్లుడికి ఇవ్వనూ లేరు. ఇస్తే మీ అనుమానాన్ని ఆ పిల్లాడి కొత్త ఇంట్లో గోడకు కొట్టినట్టే. పైగా చట్టం సంగతి ఉంది. తెలియక కొన్నవాడు నేరస్తుడు కాడు. కానీ దొంగసొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో, దురుద్దేశంతో దగ్గర ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరమే. ఆ రాత్రి అట్ట విప్పేదాకా మీకు కారణం లేదు. ఇప్పుడు మచ్చ చూశారు, అక్షరాలు చదివారు, నాకు ఉత్తరం కూడా రాశారు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. తెలిసిన లాయరుతో అరగంట మాట్లాడి, మీరు చేస్తున్న ప్రయత్నం రికార్డులో ఉండేలా చూసుకోండి.

రెండోది, అమ్మినవాడికి తిప్పి పంపడం. పేరు కాపాడుకోవాలనుకునే డీలరు ఇలాంటిది తెలిస్తే డబ్బు వెనక్కిస్తాడు. మీ డబ్బు మీకొస్తుంది, తలనొప్పి పోతుంది. అయితే ఇందులో రెండు చిక్కులున్నాయి. అతను దాన్నే ఇంకో అమాయకుడికి అమ్మొచ్చు. అప్పుడు దొరకాల్సిన లైబ్రరీకి దొరక్కుండా చేసినవాళ్లలో మీరూ ఒకరవుతారు. రెండో చిక్కు మన దగ్గరే ఉంది. 1972 పురావస్తు చట్టం కింద వందేళ్లు దాటిన కళాఖండాలు, 75 ఏళ్లు దాటిన చారిత్రక విలువ ఉన్న పత్రాలు దేశం దాటించడం ప్రైవేటు మనుషుల పని కాదు. మొన్న మొన్న బయటి నుంచి వచ్చిన విదేశీ అచ్చు మ్యాపుకి అది ఎలా వర్తిస్తుందో నిర్ణయించాల్సింది మీరూ నేనూ కాదు, పురావస్తు శాఖ. వాళ్లను రాతపూర్వకంగా అడక్కుండా ట్యూబులో చుట్టి కొరియర్ ఆఫీసుకి వెళ్లకండి. దొంగ మ్యాపేమో అన్న భయంతో స్మగ్లింగ్ కేసు తెచ్చుకున్నట్టవుతుంది.

మూడోది, నిదానంగా ఆచూకీ తీయడం. నాకైతే ఇదే సబబనిపిస్తోంది. అయితే నెలలు పట్టొచ్చు, చివరికి మ్యాపు పోనూ వచ్చు. పోయిన లైబ్రరీ అడిగితే, దొంగ దగ్గర కొన్నవాడికి హక్కు రాదన్నది మన సరుకుల అమ్మకాల చట్టంలోనూ ఉన్న సూత్రమే. డెబ్బై వేలకూ సిద్ధపడి మొదలుపెట్టండి.

ఎలా మొదలుపెట్టాలంటారా? మీరు ఇంజనీరు, ఇది మీ పనే. ఆ మచ్చను దేనితోనూ తుడవకండి, తడపకండి. చీకటి గదిలో టార్చిలైటు కాగితానికి పక్క నుంచి పడేలా పెట్టి ఫోటో తీయండి, గోకిన గరుకు నీడలుగా తేలుతుంది. కిటికీ అద్దానికి ఆనించి వెనక వెలుతురులో ఇంకో ఫోటో. దొంగనోట్లు చూసే యూవీ లైటు దుకాణాల్లో ఉంటుంది, దాని కింద ఒకటి. పక్కన స్కేలు పెట్టడం మీకు నేను చెప్పక్కర్లేదు. మ్యాపుకి పురుగు తొలిచిన రంధ్రాలుంటే వాటినీ వదలకండి. పురుగు పుస్తకాన్ని తొలిచేటప్పుడు పేజీ తర్వాత పేజీ ఒకేచోట తొలుస్తుంది. పుస్తకంలో పక్క పేజీల రంధ్రాలతో మీ రంధ్రాలు కలిస్తే ఇక వాదన ఉండదు. మ్యూన్‌స్టర్ టాలెమీ 1540లో వచ్చాక 1542, 1545, 1552లో మళ్లీ అచ్చయింది. మ్యాపు వెనక ఉన్న లాటిన్ పాఠాన్ని పోల్చి చూస్తే మీది ఏ ముద్రణో తేలొచ్చు. డీలరు 1540 అన్నాడని అదే నిజం కావాలని లేదు. ఏ ముద్రణో తెలిస్తే ఏ లైబ్రరీలను అడగాలో సగం తేలినట్టే.

ఆ ఫోటోలు పెట్టుకుని మూడు వైపుల అడగండి. అమ్మినవాణ్ణి, నీకెక్కడిది అని. లండన్‌లో ఆర్ట్ లాస్ రిజిస్టర్ అని పోయిన కళాఖండాల పట్టిక ఉంది, అక్కడ. ఐలాబ్ అని ప్రపంచవ్యాప్త పాత పుస్తకాల వర్తకుల సమాఖ్య ఉంది, వాళ్లూ పోయిన పుస్తకాల పట్టిక పెట్టారు, అక్కడ. మన దగ్గర మాట సాయానికైతే, హైదరాబాద్‌లో కళాకృతి ఆర్కైవ్స్ వారికి పాత భారతీయ మ్యాపుల పెద్ద సేకరణ ఉంది. 2015లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఆ మ్యాపులతో ప్రదర్శన కూడా జరిగింది. ఇలాంటి కాగితాలతో ఆరితేరిన చేతులు అవి, అడిగి చూడండి.

బిల్లులు పోయాయని కుంగిపోకండి కూడా. చింపింది కాగితాన్ని, మెయిళ్లను కాదు కదా. వేలం సైటులో మీ అకౌంటులో పాత కొనుగోళ్ల జాబితా ఉంటుంది. బ్యాంకు కార్డు స్టేట్‌మెంట్లు తెప్పించుకోవచ్చు. కొరియర్ కంపెనీ కస్టమ్స్ దగ్గర దాఖలు చేసిన కాగితాల నకళ్లు అడగొచ్చు. ఒక మంచి లాంగ్‌బుక్ కొని, మ్యాపుకో పేజీ చొప్పున రాయండి: ఎవరు గీశారు, ఏ ఊళ్లో ఏ ఏడాది అచ్చు, ఎవరి దగ్గర ఏ తేదీన ఎంతకు కొన్నారు, కొన్ననాటికి ఏయే చిరుగులున్నాయి, వెనక ఏముంది. 31 పేజీలు. ధర దగ్గర అన్ని సున్నాలూ ఉండాలి.

ఆ పుస్తకం పూర్తయితే మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా చేతిలో ఉన్నట్టే.

మీ ఆవిడకు ఎంతవరకు చెప్పాలని అడిగారు. ఈ ఒక్క మ్యాపు ధర చెప్పి, దీన్ని ఇవ్వొద్దులే అని ఆపొచ్చా అన్నారు. చెప్పొచ్చు. ఆ క్షణానికి గృహప్రవేశం గండం గడుస్తుంది. కానీ ఏడు వేలన్నది డెబ్బై వేలని తెలిశాక ఆవిడ చూపు మిగతా ముప్ఫై మీదికి పోతుంది. ముప్ఫై ఏళ్లు ఇంజనీరుతో కాపురం చేసిన మనిషికి పదితో గుణించడం రాదా? అప్పుడు ఒక్కో మ్యాపూ దించి ఒక్కో ధర అడుగుతుంటే, ఒక్కో రోజూ ఒక్కో పంచాయితీ. పిల్లల చేత చెప్పిద్దామనీ రాశారు. అబ్బాయికి ముందు తెలిసి తనకు తర్వాత తెలిసిందన్నది ఆవిడకు డబ్బు కంటే పెద్ద దెబ్బవుతుంది. వద్దు. మొత్తం ఒకేసారి, పుస్తకం ఎదురుగా పెట్టి, మీ నోటితోనే చెప్పడం ఇంకో దారి. రెండు మూడు వారాలు ఇంట్లో మాటలుండవు. కాఫీ టేబుల్ మీద టక్కున పెట్టి వెళ్లిపోతారు. ఓర్చుకోవాలి. నేను మీ చోట ఉంటే ఇదే చేస్తాను, కానీ ఆవిడ గురించి నాకు తెలిసింది ఎనిమిది పేజీలే, మీకు తెలిసింది ఒక జీవితం.

ఒక్కటి మాత్రం నా కంట పడింది. ఆరో పేజీలో, మ్యాపుల సంగతి మధ్య మీరు ఒక వాక్యం రాసి దాటిపోయారు. రెండేళ్ల కిందట ఆవిడకు రెండు దవడ పళ్లు తీసేస్తే, డాక్టరు ఇంప్లాంట్లు పెట్టించుకోమన్నారని, అంత ఖర్చెందుకు, తీసిపెట్టుకునే పళ్లు చాలని మీరే అన్నారని. అవి సరిపోక ఆవిడ ఇప్పటికీ ఒకవైపే నములుతారని కూడా రాశారు. అదే ఏడాది కొన్న మ్యాపుల జాబితా మూడో పేజీలో ఉంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి మీరే చదువుకోండి. ఆవిడ పద్నాలుగు లక్షలకు అలుగుతారో లేదో నేను చెప్పలేను. ఆ పళ్ల దగ్గర మాత్రం ఆగుతారు. ఆవిడ అడిగేదాకా చూడకుండా, ఆ మాట మీరే ఎత్తితే మంచిది.

డబ్బు సర్దడానికి కొన్ని మ్యాపులు అమ్మాలనిపిస్తే, తొందరపడి వేలానికి పెట్టకండి. డీలరు కొనేటప్పుడిచ్చే ధరకీ మీకు అమ్మిన ధరకీ పొంతన ఉండదు. సగం వస్తే అదృష్టం. రికార్డు పుస్తకం పూర్తయ్యాక, కాగితాలు గట్టిగా ఉన్నవాటిని ముందు అమ్మొచ్చు. కాగితాల్లేనివి మీ దగ్గరే ఉండాలి. సేకరణ ఇంతటితో ఆపేయమని నేను అనను. ఇకమీద కొనేది ఇద్దరికీ తెలిసి కొనడమా, నెలకింత అని ఒక గీత గీసుకోవడమా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. గీత మీరొక్కరే గీస్తే మళ్లీ సున్నా దగ్గరికే వస్తాం.

నకలు సంగతి. రహస్యంగా మార్చేసి అసలుదని మేనల్లుడి చేతిలో పెట్టడం తేలిక, ఫ్రేమూ అదే, గుర్తుపట్టేవాళ్లూ లేరు. కానీ అచ్చు నకలుని భూతద్దంలో చూస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది. చెక్కదిమ్మతో అచ్చేసిన మ్యూన్‌స్టర్ గీతలో చుక్కలుండవు, సిరా కాగితంలో దిగి ఉంటుంది. ఆ అబ్బాయి ముచ్చటపడ్డాడని మీరే రాశారు. ముచ్చటపడ్డవాడు ఏదో ఒకరోజు భూతద్దం కొంటాడు. అప్పుడు మోసం చేసింది మేనత్త అనుకుంటాడు, మీరని కాదు. నకలే ఇవ్వండి, కానీ నకలని చెప్పి ఇవ్వండి. డేవిడ్ రమ్సే ఆన్‌లైన్ మ్యాపుల సేకరణలోనూ, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనూ పాత మ్యాపుల పెద్ద స్కాన్లు ఉచితంగా దించుకోవచ్చు. మంచి మందపాటి కాగితం మీద గోడంత సైజులో ప్రింటు తీయిస్తే మీ అసలుదాని కంటే దూరానికి బాగా కనిపిస్తుంది. పక్కన ఒక చిన్న కాగితం మీద తెలుగులో దాని కథ రాసి అంటించండి. దానితోపాటు ఇంకేం పెట్టాలో ఆవిడే చూసుకుంటారు, మాట ఆవిడది కాబట్టి.

ఆ కథ రాసే ముందు ఇంకో సంగతి. మీ ఉత్తరంలో ఘంటసాల గురించి రెండు పేజీలున్నాయి. టాలెమీ గీసిన పటమేదీ ఇవాళ మిగల్లేదనీ, మిగిలింది దాదాపు ఎనిమిది వేల చోట్ల పేర్లూ, చాలావాటి అక్షాంశ రేఖాంశాలేననీ, వాటితో తర్వాతివాళ్లు పటాలు గీశారనీ ఎంత బాగా రాశారు! ఇండియా ద్వీపకల్పం నొక్కేసినట్టు బల్లపరుపుగా, సింహళం మాత్రం ఖండమంత పెద్దగా ఉండే ఆ వింత రూపం గురించి చదువుతుంటే నాకే ఒకటి కొనాలనిపించింది. మీ ఆవిడ పుట్టిల్లు మాత్రం 'మచిలీపట్నం పక్క గూడూరు' అని బ్రాకెట్లో ఒక్క ముక్క. మైసోలియా అని టాలెమీ పిలిచిన మన తీరంలో, ఆయన జాబితాలో కొంటకోస్సిల తర్వాత వచ్చే పేరేమిటో మీకు తెలిసే ఉంటుంది. కొడ్డూర. అది ఆ గూడూరేనని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ తర్వాత అల్లోసిగ్నె రేవు, దాని పక్కనే తూర్పు దేశాలకు ఓడలు బయల్దేరే చోటు. తొమ్మిదేళ్లుగా హాల్లో మీ ఊరూ ఆవిడ ఊరూ పక్కపక్కన వేలాడుతున్నాయి. భూతద్దం ఎప్పుడైనా ఆవిడ చేతికిచ్చారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. పుస్తకం విప్పే రోజున, ధరల పేజీకి ముందైనా తర్వాతైనా, అది చూపించండి. ఆ రోజు ఆవిడ చూడకపోవచ్చు. టేబుల్ మీద వదిలేయండి.

ఆచూకీ తేలేదాకా మ్యాపుని మళ్లీ గోడకెక్కించకండి. ఎండ తగలని చోట, యాసిడ్ లేని కాగితాల మధ్య బల్లపరుపుగా పెట్టండి, చుట్ట చుట్టొద్దు. ఫ్రేము షాపువాడు వెనక అంచుల వెంట సెల్లోటేపు అంటించాడని రాశారు. అది మీరు పీకితే అయిదు వందల ఏళ్ల కాగితం దానితోపాటే ఊడొస్తుంది. కాగితాల మరమ్మతు తెలిసినవాళ్లు తీయాల్సిన పని అది, ముట్టుకోకండి.